మేడారం వార్త ఏ జిల్లాది? పెద్ద వెబ్‌సైటును కొత్త వ్యవస్థలోకి మార్చేముందు తేల్చుకోవలసిన సంగతులు

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. 2014 ఫిబ్రవరిలో జరిగినప్పుడు ఆ ఊరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, వరంగల్ జిల్లా. 2016 ఫిబ్రవరి నాటికి రాష్ట్రం తెలంగాణ, జిల్లా మాత్రం వరంగలే. అదే ఏడాది అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. దాంతో 2018 జాతర జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో జరిగింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడింది కాబట్టి 2020 జాతర ములుగు జిల్లాది. ఊరు ఉన్నచోటే ఉంది, గద్దెలు ఉన్నచోటే ఉన్నాయి. కానీ రాష్ట్రం, జిల్లా పేర్లతో కేటగిరీలు పెట్టుకున్న వార్తా వెబ్‌సైటులో ఈ నాలుగు జాతరల కథనాలు నాలుగు చోట్ల పడి ఉంటాయి.

మేడారం జాతర గురించి చదవాలనుకునే మనిషికి ఈ పరిపాలనా చరిత్రతో పనిలేదు. జాతర కథనాలన్నీ ఒక్కచోట కనిపిస్తే చాలు. సైటు పాత వ్యవస్థలో నడుస్తున్నంత కాలం ఈ చెల్లాచెదురు బయటికి తెలియదు. ఏది ఎక్కడుందో డెస్కులో పనిచేసేవాళ్లకు అలవాటుగా తెలిసిపోతుంది. కొత్త వ్యవస్థలోకి మారే రోజున అలవాటు అక్కరకు రాదు. ప్రతి కథనం ఎక్కడికి వెళ్లాలో రాతపూర్వకంగా, తేడా లేకుండా, యంత్రానికి చెప్పాలి. అప్పుడు గానీ తెలియదు, మన కేటగిరీల వెనక ఒక ఆలోచన అంటూ ఎప్పుడూ లేదని.

వెబ్‌సైట్లు వ్యవస్థ మారడం ఎప్పుడో ఒకసారి జరిగే విషయం కాదు. అమెరికా అధ్యక్ష భవనం వెబ్‌సైటు 2009లో సైట్లు నడిపే సాఫ్ట్‌వేరు అయిన డ్రూపల్‌కు మారింది, 2017లో అలాంటిదే మరొకటైన వర్డ్‌ప్రెస్‌కు మారింది. 2011లో వచ్చిన డ్రూపల్ 7కు మద్దతు 2025 జనవరి 5తో ముగిసింది. దాని మీద నడిచే సైట్లు కొత్త వెర్షన్‌కు వెళ్లాలంటే ఒక బటన్ నొక్కి అప్‌డేట్ చేస్తే సరిపోదు. కొత్త సైటు కట్టుకుని, పాత సమాచారమంతా అందులోకి తరలించుకోవాలి. సాఫ్ట్‌వేరు వయసు పదేళ్లో పన్నెండేళ్లో. మనం రాసిన కథనాల వయసు అంతకంటే చాలా ఎక్కువ. అందుకే వర్గీకరణను సాఫ్ట్‌వేరు పనిలో ఒక చిన్న భాగంగా చూడకూడదని నా గట్టి అభిప్రాయం. అది సంపాదక పని. సాఫ్ట్‌వేరు కొనకముందే జరగవలసిన పని.

ముందుగా కేటగిరీ అంటే యంత్రం లోపల ఏమిటో చూద్దాం. తెరమీద మెనూలో ‘సినిమా’, ‘క్రీడలు’, ‘సాగు’ అని కనిపిస్తుంటే కథనాలన్నీ ఆ పేరుగల అరల్లో దాచి ఉంటాయని అనిపిస్తుంది. నిజానికి అలా ఉండదు. కథనాలన్నీ డేటాబేసులో ఒకే పెద్ద పట్టికలో ఉంటాయి. కేటగిరీల పేర్లు మరో పట్టికలో ఉంటాయి. ఫలానా కథనానికి ఫలానా కేటగిరీ అని జతలు చూపేది మూడో పట్టిక. ఒక కథనానికి ఎన్ని జతలైనా ఉండొచ్చు. మేడారం కథనం ఒకేసారి ‘జాతరలు’లోనూ ‘ములుగు’లోనూ ‘ఆదివాసీలు’లోనూ కనిపించగలదు. కాగితం పత్రికలో వార్త ఒక పేజీలోనే పడాలి, వెబ్‌సైటుకు ఆ కట్టుబాటు లేదు. అయినా చాలా పత్రికల సైట్లు అచ్చు పత్రిక పేజీల పేర్లనే కేటగిరీలుగా తెచ్చుకుని, జిల్లా టాబ్లాయిడ్ల లెక్కనే వెబ్‌లోనూ కొనసాగించాయి.

పాత సైట్లలో పేరుకున్న చిక్కులకు ఇంకో చరిత్ర ఉంది. వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. దానిలో ట్యాగులు, అంటే కేటగిరీలతోపాటు కథనానికి తగిలించే విడి పేర్లు, అంతర్భాగంగా వచ్చింది 2007 సెప్టెంబరులో, 2.3 వెర్షన్‌తో. మధ్య నాలుగేళ్లలో పెట్టిన సైట్లలో ప్రతి వ్యక్తి పేరూ, ప్రతి ఊరి పేరూ కేటగిరీయే అయ్యాయి. ట్యాగులు వచ్చాక అవే పేర్లు ట్యాగులుగా మళ్లీ పుట్టాయి. పైగా ఏ కేటగిరీ ఎంచుకోకుండా ప్రచురిస్తే వర్డ్‌ప్రెస్ ఆ కథనాన్ని తనంతట తానే ‘అన్‌కేటగరైజ్డ్’లో వేస్తుంది. రాత్రి పదకొండు గంటలకు ఎడిషన్ ఒత్తిడిలో ఉన్న సబ్‌ఎడిటరు కేటగిరీ దగ్గర ఆగి ఆలోచించడు. ఇలా పదేళ్లు గడిస్తే ‘ఇతరాలు’, ‘అన్‌కేటగరైజ్డ్’ అనే రెండే సైటులోకెల్లా పెద్ద విభాగాలు అవుతాయి.

ఇలాంటి చిక్కును దేశం మొత్తం స్థాయిలో ఎదుర్కొన్నవాళ్లు బ్రిటన్ ప్రభుత్వం వారు. వాళ్ల అనుభవం కొంచెం వివరంగా చూడదగ్గది. అందులో గెలుపూ ఉంది, ఆలస్యానికి చెల్లించిన మూల్యమూ ఉంది.

2010 నాటికి బ్రిటన్‌లో ప్రతి మంత్రిత్వ శాఖకూ, ప్రతి చిన్న సంస్థకూ సొంత వెబ్‌సైటు ఉండేది. పౌరుల కోసం డైరెక్ట్‌గవ్, వ్యాపారుల కోసం బిజినెస్ లింక్ అని రెండు పెద్ద సైట్లు విడిగా నడిచేవి. డైరెక్ట్‌గవ్‌లో తల్లిదండ్రులు, యువత, వికలాంగులు అంటూ మనుషుల రకాలను బట్టి కూడా విభాగాలు ఉండేవి. చూడటానికి ఇది బాగానే ఉంటుంది. కానీ ఒక మనిషి ఒకే రకంగా ఉండడు. కారు నడిపే వికలాంగురాలైన తల్లి ఏ విభాగంలో వెతకాలి? 2010 అక్టోబరులో డిజిటల్ వ్యవహారాల సలహాదారు మార్తా లేన్ ఫాక్స్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిని మెరుగుపరిస్తే చాలదని, మొత్తం మార్చాలని చెప్పింది. మరుసటి ఏడాది గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే బృందం ఏర్పడింది. 2012 అక్టోబరు 17న గవ్.యూకే మొదలై డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ రెండింటి స్థానంలోకి వచ్చింది. 2013 వసంతానికి మంత్రిత్వ శాఖలన్నీ, 2014 చివరికి మూడు వందలకు పైగా సంస్థలూ దానిలోకి చేరాయి.

ఆ బృందం మొదట్లో పెట్టుకున్న నియమం చాలా సాదాగా ఉంటుంది. ప్రతి పేజీకీ ఒక ‘అవసరం’ రాయాలి: ఎవరికి కావాలి, ఏం చేయడానికి కావాలి, దానివల్ల వాళ్లకు ఏం నెరవేరుతుంది. ఆ మూడు ముక్కలూ రాయలేకపోతే ఆ పేజీ కొత్త సైటుకు రాదు. పాత సైట్లలో ఉన్న పేజీలన్నిటినీ ఎత్తుకెళ్లి పెట్టడం కాకుండా, అవసరాల జాబితా నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసుకున్నారు. శాఖల పేర్లతో కాకుండా డ్రైవింగ్, పన్నులు, పిల్లలు, పాస్‌పోర్టులు వంటి పనుల పేర్లతో మొదటి పేజీ కట్టారు. పాస్‌పోర్టు ఏ శాఖ ఇస్తుందో తెలియకపోయినా పాస్‌పోర్టు దొరుకుతుంది.

పౌరులకు నేరుగా పనికొచ్చే ఆ భాగం చక్కగా కుదిరింది. చిక్కంతా శాఖలు, సంస్థలు వచ్చి చేరినప్పుడు మొదలైంది. గడువులు దగ్గరపడుతుంటే ఒక్కొక్క సంస్థనూ తీసుకొచ్చి చేర్చారు. సామాన్య పాఠకుల పేజీలకు ఒక వర్గీకరణ, నిపుణుల మార్గదర్శకాలకు మరో వర్గీకరణ, ప్రభుత్వ విధానాలకు ఇంకొకటి, ఇలా ఒకే సైటులో పక్కపక్కన వేరువేరు చెట్లు పెరిగాయి. ఒకే విషయం మీద ఉన్న పేజీలు ఒకదాన్నొకటి చూపించుకోలేకపోయాయి. తరలింపు పూర్తయింది అనుకున్నాక, మొత్తం సైటుకు ఒకే విషయసూచిక ఉండాలని మళ్లీ కూర్చున్నారు. విద్యతో మొదలుపెట్టారు. పాఠశాలలు, కళాశాలలు, పిల్లల సంరక్షణ గురించి ఏయే సంస్థలు రాసిన ఏయే పేజీలున్నాయో తీసి, వాటిని చదివి, కొత్త సూచిక కింద గుర్తులు వేసుకుంటూ వెళ్లారు. ఆ తర్వాత ఒక్కో రంగం. మనుషులు వేసిన గుర్తుల నుంచి నేర్చుకుని మిగతా పేజీలకు గుర్తు సూచించే మెషీన్ లెర్నింగ్‌ను కూడా చివర్లో వాడారు. తరలింపుకు పట్టిన కాలానికి ఏమాత్రం తీసిపోని కాలం ఈ రెండో పనికి పట్టింది.

అంత సమర్థులైన బృందం కూడా వర్గీకరణను వెనక్కి నెట్టి రెండుసార్లు పనిచేయాల్సి వచ్చిందంటే, మన దగ్గర ముగ్గురు సబ్‌ఎడిటర్లు, ఒక డెవలపరు ఉన్న ఆఫీసులో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ‘ముందు అన్నీ తెచ్చి పెట్టేద్దాం, తర్వాత సర్దుకుందాం’ అన్న మాట ప్రతి తరలింపు సమావేశంలోనూ వినిపిస్తుంది. ఆ ‘తర్వాత’ వచ్చిన సైట్లు తక్కువ. గవ్.యూకేకు వచ్చిందంటే దాని వెనక ప్రభుత్వం, బడ్జెట్, పట్టుదల ఉన్నాయి.

కాబట్టి పని లెక్కతో మొదలుకావాలి. సైటులో ఉన్న ప్రతి పేజీ చిరునామా, శీర్షిక, ప్రచురించిన తేదీ, ఇప్పటి కేటగిరీలు, గత ఏడాదిలో ఎంతమంది చదివారన్న సంఖ్య, ఈ ఐదింటినీ ఒక ఎక్సెల్ షీటులోకి దించాలి. ఈ పని డెవలపరు ఒక రోజులో చేసిపెట్టగలడు. ఆ షీటు ముందు సంపాదకులు కూర్చోవడమే అసలు పని. ఉంచాల్సినవి, ఒకే విషయం మీద ఉన్నందున కలిపేయాల్సినవి, భద్రపరిచి మెనూలో నుంచి తీసేయాల్సినవి విడివిడిగా తేలాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. చదివేవాళ్లు తక్కువని పాత కథనాన్ని పారేయకూడదు. 1990ల చివరి నాటి ఒక చేనేత సంఘం వార్తను ఏడాదికి ఇద్దరే చదవొచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు పరిశోధక విద్యార్థి అయితే వాళ్లకు మరో ఆధారం ఉండకపోవచ్చు. వార్తా సైటుకూ ప్రభుత్వ సేవల సైటుకూ ఇక్కడే తేడా. సేవల సైటులో కాలం చెల్లిన పేజీ జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. వార్తా సైటులో అదే చరిత్ర.

లెక్క తేలాక కొత్త కేటగిరీల పేర్లు ఎవరు పెట్టాలి? నలుగురు పెద్దలు గదిలో కూర్చుని పెట్టకూడదు. దీనికి కార్డ్ సార్టింగ్ అని ఒక పాత పద్ధతి ఉంది, ఖర్చు లేనిది. నలభై యాభై కథనాల శీర్షికలు ఒక్కో చీటీ మీద రాయాలి. ఆఫీసుతో సంబంధంలేని పాఠకులను ఒక్కొక్కరినే పిలిచి, ఒకచోట ఉండాలనిపించినవి దగ్గర పెట్టమనాలి, ఆ కుప్పకు వాళ్ల మాటల్లో పేరు చెప్పమనాలి. పదిహేను మంది చేసేసరికి ఏవి ఎప్పుడూ కలిసే ఉంటున్నాయో, వేటి దగ్గర జనం తడబడుతున్నారో స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత దాన్ని తిరగేసి పరీక్షించాలి. తయారైన మెనూను మాత్రమే చూపించి, ‘వితంతు పింఛను ఎప్పుడు పడుతుందో చెప్పే వార్త ఎక్కడుంటుందనుకుంటున్నారు?’ అని అడగాలి. వాళ్లు మొదట వేలు పెట్టిన చోటే అసలు జవాబు. ‘సంక్షేమం’ అని ఆఫీసు పెట్టిన పేరు దగ్గర ఆగకుండా వాళ్లు ‘పింఛన్లు’ కోసం వెతికితే మెనూలో ఉండాల్సింది పింఛన్లే.

పథకాల పేర్లు మనకు ప్రత్యేకమైన పరీక్ష. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వైఎస్సార్ రైతు భరోసా వచ్చింది. తెలంగాణలో 2018లో రైతు బంధుగా మొదలైన పెట్టుబడి సాయం 2025 జనవరి నుంచి రైతు భరోసా అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి అన్నదాత సుఖీభవ అమలవుతోంది, ఆ పేరుతో 2019 ఎన్నికలకు ముందు కూడా ఒక పథకం ఉంది. ‘రైతు భరోసా’ అనే కేటగిరీ పెట్టుకున్న సైటులో రెండు రాష్ట్రాల, రెండు ప్రభుత్వాల, వేర్వేరు నిబంధనల వార్తలు కలగలిసిపోతాయి. డబ్బు ఎప్పుడు పడుతుందోనని ఫోనులో వెతికే రైతు పక్క రాష్ట్రపు పాత వార్త చదివి బ్యాంకుకు వెళ్తాడు. పథకం పేరు ఎప్పుడూ కేటగిరీ కాకూడదు. ‘రైతు పెట్టుబడి సాయం’ కేటగిరీ కావాలి. పథకం పేరు ట్యాగు కావాలి, రాష్ట్రం విడిగా నమోదు కావాలి. ప్రభుత్వాలు మారినా రైతు అవసరం మారదు కనుక ఆ కేటగిరీ నిలుస్తుంది.

ఇక్కడికి వచ్చేసరికి ఒక మూల సూత్రం బయటపడుతుంది. స్థలం, విషయం, కాలం, కథనం రకం అన్నవి నాలుగు వేరువేరు సంగతులు. వాటిని ఒకే చెట్టుకు కొమ్మలుగా అతికిస్తేనే చిక్కులన్నీ. ఈ సంగతిని వెబ్ పుట్టకముందే తేల్చి చెప్పినవారు మన పక్కవారే. ఎస్.ఆర్. రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లా శియ్యాళిలో పుట్టారు. గణితం బోధిస్తూ, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతల్లోకి వచ్చారు. పుస్తకాన్ని ఒకే అరలోకి తోసే పాత పద్ధతులు ఆయనకు చాలినట్టు అనిపించలేదు. 1933లో కోలన్ క్లాసిఫికేషన్ ప్రచురించారు. ఒక పుస్తకం దేని గురించి, అందులో ఏ పదార్థం ఉంది, ఏ క్రియ జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్న ఐదు ముఖాలను విడివిడిగా గుర్తించి, వాటిని కలిపి పుస్తకం సంఖ్యను కట్టే విధానం అది. ఇవాళ షాపింగ్ యాప్‌లో పక్కన ధర, రంగు, కంపెనీ అని వడపోతలు కనిపిస్తాయి కదా, ఆ వడపోతల వెనక ఉన్న ఆలోచన రంగనాథన్ గ్రంథాలయాలకు ఇచ్చినదే.

ఆయన పద్ధతిలో మేడారం కథనానికి విషయం: జాతర. స్థలం: మేడారం. కాలం: 2018. రకం: క్షేత్ర నివేదిక. జిల్లా అన్నది కథనానికి పెట్టాల్సిన గుర్తు కాదు, మేడారం అనే ఊరికి పెట్టాల్సిన గుర్తు. ఊళ్ల పట్టిక ఒకటి విడిగా ఉంచుకుని, మేడారం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో అందులో రాసుకుంటే చాలు. జిల్లా గీత మళ్లీ జరిగిన రోజున వేల కథనాలను తాకకుండా పట్టికలో ఒక్క వరుస మార్చవచ్చు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు అరకు విశాఖ జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు, తిరుమల చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. అంటే ‘వరంగల్ జిల్లా’ అన్న మాట 2015లో ఒక ప్రాంతాన్ని, 2022లో అందులోని ఒక ముక్కను సూచిస్తుంది. ఊరి పేరుతో నమోదు చేసిన సైటుకు ఇవన్నీ చిన్న సవరణలు. జిల్లా పేరుతో నమోదు చేసిన సైటుకు ప్రతిసారీ ఒక తరలింపు.

కొత్త సూచిక సిద్ధమయ్యాక పాతదాని నుంచి కొత్తదానికి దారి చూపే పట్టిక తయారు చేయాలి. కొన్ని పాత కేటగిరీలు నేరుగా కొత్త పేరులోకి వెళ్తాయి, వాటితో ఇబ్బంది లేదు. ‘టాలీవుడ్’, ‘సినీ వార్తలు’, ‘సినిమా కబుర్లు’ వంటివి నాలుగైదు కలిసి ఒకటవుతాయి, అదీ సులువే. కష్టమంతా ఒక పాత కేటగిరీ పలు కొత్త కేటగిరీలుగా విడిపోయేచోట ఉంటుంది. ‘రాష్ట్రం’ అనే పాత విభాగంలో 2014 జూన్ 2 నాటి రాష్ట్ర విభజనకు ముందు కథనాలున్నాయనుకోండి. వాటిని తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు పంచడం ఏ నియమంతోనూ పూర్తిగా కుదరదు. శాసనసభ వార్త రెండింటిదీ. ఇలాంటివాటిని మనిషి చదివి తేల్చాలి. లక్ష కథనాలు, ఒక్కోదానికి అర నిమిషం చొప్పున వేసుకుంటే 833 గంటలు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన ఒక మనిషికి 104 పనిదినాలు. అందువల్ల ఊరి పేర్లు, రిపోర్టరు డేట్‌లైను వంటి ఆనవాళ్లతో యంత్రం తేల్చగలిగినవన్నీ యంత్రానికి వదిలేసి, దాని ఫలితాల్లోంచి కొన్నిటిని అక్కడక్కడా తీసి సరిచూసి, మిగిలినవాటిని ఎక్కువ చదివే కథనాల నుంచి మొదలుపెట్టి మనుషులు తేల్చాలి. ఈ లెక్క ముందే వేసుకోని చోట గడువు దాటుతుంది, లేదా మిగిలినవన్నీ ‘ఇతరాలు’లోకి పోతాయి.

తెలుగు అక్షరాలతో వచ్చే కొన్ని చిక్కులు ఇంగ్లిష్ మాన్యువళ్లలో కనిపించవు. ‘హైదరాబాద్’ అని టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు చివర్లో కంటికి కనపడని ఒక గుర్తును చేరుస్తాయి. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపడానికి వాడే గుర్తు అది. తెరమీద రెండు హైదరాబాద్‌లూ ఒకేలా ఉంటాయి, డేటాబేసుకు అవి రెండు కేటగిరీలు. అక్షరం పక్కన పెట్టే సున్నకు (ం) బదులు తెలుగు అంకె సున్నాను టైపు చేసిన పేర్లూ అంతే. యూనికోడ్‌కు ముందు సొంత ఫాంట్లతో నడిచిన సైట్ల పాత కథనాలు మార్పిడి అయినప్పుడు ఒత్తులు తారుమారైన పేర్లు మరికొన్ని పుడతాయి. అందుకే పాత కేటగిరీల జాబితాను కంటితో చూసి ‘బాగానే ఉంది’ అనుకోకూడదు. కనపడని గుర్తులను తీసేసి, పోల్చి, కలపాల్సినవి కలిపాకే పట్టిక వేయాలి.

చిరునామాలదీ ఇదే కథ. తెలుగు అక్షరం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. లింకుగా రాసినప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులవుతుంది. అంటే ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ తొమ్మిది. ‘సినిమా’ అన్న చిన్న మాటకే 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్ ఒక పేరుకు 200 వరకే చోటిస్తుంది. ‘ఆంధ్రప్రదేశ్ రాజకీయాలు’ అన్న రెండు మాటలకే 190 అయిపోతాయి, మూడో మాట చేరిస్తే మధ్యలో తెగుతుంది. వాట్సాప్‌లో పంపే తెలుగు లింకులు అర పేజీ పొడుగున రావడానికి కారణం ఇదే. మెనూలో పేరు తెలుగులో ఉండాలి, లింకులో మాత్రం కథనం సంఖ్యో, పొట్టి రోమన్ అక్షరాల పేరో ఉంటే మేలు.

లింకులో కేటగిరీ పేరే ఉండకపోతే ఇంకా మేలు. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లో మంచి చిరునామా మారకూడదని ఒక వ్యాసం రాశారు. చిరునామాలో ఉండకూడనివాటిలో విషయ విభాగం పేరును కూడా చేర్చారు. కారణం తేలిగ్గా అర్థమవుతుంది. విషయాల విభజన కాలంతో మారుతుంది. కథనాన్ని ఒక కేటగిరీ నుంచి మరోదానికి జరిపిన ప్రతిసారీ దాని చిరునామా మారిపోతే ఆ కథనాన్ని పేర్కొన్న పుస్తకాల్లో, వికీపీడియా మూలాల్లో, జనం దాచుకున్న లింకుల్లో ఆ చిరునామా చచ్చిపోతుంది. మారక తప్పనప్పుడు పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి. ఇది శాశ్వతంగా మారిందని గూగుల్‌కూ బ్రౌజర్‌కూ చెప్పే సంకేతం. కావాలనే తీసేసిన పేజీకి 410, అంటే ఇక లేదని చెప్పే సంకేతం. గవ్.యూకే బృందం పాత సైట్ల ప్రతి చిరునామాకూ ఈ రెండింటిలో ఏదో ఒకటి రాసిపెట్టుకుంది. తీసేసిన పేజీల దగ్గర నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచిన ప్రతికి దారి చూపించింది. మనవాళ్లు చాలామంది పాత లింకులన్నిటినీ కొత్త సైటు మొదటి పేజీకి మళ్లించేసి పని అయిందనుకుంటారు. చదవాలనుకున్న కథనానికి బదులు ఇవాళ్టి బ్రేకింగ్ న్యూస్ చూసిన పాఠకుడు ఆ సైటుకు మళ్లీ రాడు.

తరలింపు అయ్యాక కాపలా కావాలి. కొత్త కేటగిరీ సృష్టించే అధికారం ఒకరిద్దరికే ఉండాలి, ట్యాగులు అందరూ పెట్టుకోవచ్చు. డిఫాల్ట్ కేటగిరీ తీసేసి, ఎంచుకోనిదే ప్రచురణ జరగకుండా చేయాలి. ‘ఇతరాలు’ను మూడు నెలలకోసారి తెరిచి చూడాలి. అందులో ఒకే విషయం మీద కథనాలు గుంపుగా కనిపిస్తే కొత్త కేటగిరీ అవసరమైందని అర్థం. పాత కేటగిరీ నుంచి కొత్తదానికి దారి చూపిన పట్టికను మాత్రం ఎప్పటికీ పారేయకూడదు. పదేళ్ల తర్వాత వచ్చే తరలింపులో మొదట అడిగేది దాన్నే.

తెలుగులో పత్రికలు, విశ్వవిద్యాలయాలు, సాహిత్య సంస్థలు, ప్రభుత్వ శాఖలు సైట్లు మార్చుకుంటూనే ఉన్నాయి. ఆ నిర్ణయం తీసుకునే స్థానంలో మీరుంటే, టెండరు కాగితంలో సర్వరు, డిజైను, మొబైల్ యాప్‌లతోపాటు వర్గీకరణ అని ఒక పద్దు విడిగా రాయించండి. దానికి కనీసం మూడు నెలల గడువు, బాధ్యత వహించే ఒక సీనియర్ సంపాదకుడు, జీతమిచ్చి పెట్టిన ఇద్దరు సహాయకులు ఉండేలా చూడండి. ఆ పద్దు లేని ఒప్పందం మీద సంతకం పెట్టకండి.